నమోదిత మొటిమలు

ఆఫీసుకు వచ్చి పని చేయకపోయినా ఫర్వాలేదు గానీ, రాకుండానే వచ్చినట్టు సంతకం పెట్టడం మాత్రం మహాపరాధమని పైవాళ్లకు ఒక శుభముహూర్తాన తోచింది. తోచిందే తడవుగా రేవులపాలెంలోని జిల్లా వర్షపాత నమోదు కార్యాలయం గుమ్మం పక్కన ముఖం చూసి హాజరు వేసే యంత్రాన్ని బిగించారు. అంతకుముందు సంతకాల కాలంలో ఒక్క చెయ్యి పదిమందికి అక్కరకొచ్చేది. తర్వాత వేలిముద్రల యంత్రం వస్తే, ఎవరో పుణ్యాత్ములు దాని మీద రోజూ ఒక కొబ్బరినూనె చుక్క వేసి చూపు మందగించేలా చేశారు. ఇక మిగిలింది ముఖం. ఎవరి ముఖం వాళ్లే మోసుకు రావాలి కదా అని పైవాళ్ల ధీమా.

దీవెన జూనియర్ అసిస్టెంటుగా చేరింది సరిగ్గా ఆ వారమే. వాళ్లమ్మ సంతోషమ్మ ఊళ్లో జాకెట్లు కుట్టి చదివించిన పిల్ల. మండలాల నుంచి ఫోన్లో వచ్చే వాన లెక్కలు రాసుకుని, మొత్తం కట్టి, మధ్యాహ్నంలోగా రాజధానికి పంపడం ఆమె పని. రెండేళ్లు ప్రొబేషను. అది సవ్యంగా పూర్తయితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ జాకెట్లకు కాజాలు కుట్టుకోవడమే.

ముఖాలు నమోదు చేసిన రోజున దీవెన చెంపల మీదా నుదుటి మీదా గడ్డం మీదా ఎర్రగా మొటిమలున్నాయి. పదో తరగతిలో మొదలైనవి, వద్దన్నా వెళ్లని చుట్టాల్లా అక్కడే కాపురం పెట్టాయి. యంత్రం బిగించడానికొచ్చినతను మాత్రం ఆమెను చూడగానే పొంగిపోయాడు.

"మేడం, మీ ముఖంలో గుర్తులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. మిషన్‌కి ఇట్టాంటి ముఖమంటే ప్రాణం!"

ఆ ముఖాన్ని ఎవరైనా మెచ్చుకోవడం దీవెన ఎరిగినంతలో అదే మొదలు. ఆమె యంత్రం ముందు అలా నిలబడిందో లేదో, "స్వాగతం, దీవెన గారూ" అని తియ్యగా పలికేది. సూపరింటెండెంటు పానకాలరావు గారిది నున్నగా, గుండ్రంగా, పట్టు దొరకని ముఖం. దాన్ని గుర్తుపట్టడానికి యంత్రం నానా అవస్థా పడేది. ఆయన కళ్లజోడు తీసి, గడ్డం ఎత్తి, ఎడమకూ కుడికీ తిరిగి, మళ్లీ పెట్టుకుని మొదటికి రావాల్సి వచ్చేది. సూపరింటెండెంటు గారు రోజూ గుమ్మం దగ్గర మెడ వ్యాయామం చేస్తారని కొత్తగా వచ్చినవాళ్లు అనుకునేవారు.

యంత్రం సంగతి అలా ఉంచితే, మనుషులు ఆ మొటిమల్ని ఊరికే వదల్లేదు. మన దేశంలో మొటిమకు వైద్యం చెప్పలేని మనిషి ఇంకా పుట్టలేదు. "ఒంట్లో వేడమ్మా, సబ్జాగింజలు తాగు" అన్నారు ఒకరు. "అద్దంలో ఎక్కువ చూసుకోమాక" అన్నారు ఇంకొకరు. "పెళ్లయితే అయ్యే పోతాయిలే" అని పానకాలరావు గారు తేల్చేశారు. ఆయన దృష్టిలో పెళ్లయితే పోనిది ఒక్క పెళ్లే. పక్క సీటు సీనియర్ అసిస్టెంటు విమలాదేవి గారు మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే ఒక తెల్ల క్రీము చెప్పింది. "మా ఆడబిడ్డ కూతురు వారంలో పాలరాయైపోయిందంటే నమ్ము" అంది.

దీవెన నమ్మింది. మొటిమల గుర్తులు పూర్తిగా పోకపోయినా, వారం రోజులు నిజంగానే పాలరాయి అయింది. ఆ తర్వాత ఆ పాలరాయి పగిలి లోపలి నుంచి నిప్పులొచ్చినట్టు ముఖమంతా పొంగింది. లోపల గట్టిగా గడ్డలు కట్టి, చెంప దిండుకు ఆనించలేని నొప్పి. ఒకటి చితికి ఎడమ చెంప మీద గుంట పడింది. ఆ గుంట చూసుకుని దీవెన ఏడ్చింది. పైకి నవ్వులాటగా కనిపించే ఈ జబ్బు లోపల మనిషిని ఎంత తినేస్తుందో ముఖం నున్నగా ఉన్నవాళ్లకు తెలియదు. నలుగురితో మాట్లాడేటప్పుడు ఆమె అరచెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లిపోయేది.

ఆఖరికి పెద్దాసుపత్రిలో చర్మ వైద్యురాలు డాక్టర్ షాహీన్ గారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ దీపం దగ్గరికి లాగి చూసి, "ముందు ఆ క్రీము ఆపెయ్, నేను చెప్పిన పద్ధతిలోనే ఆపాలి. అందులో స్టెరాయిడ్ ఉంది, నీ ముఖాన్ని అదే పాడుచేసింది" అంది.

"వేడి చేసిందంటారా మేడం?"

"ఏ వేడీ కాదమ్మా. చర్మం కింద నూనె గ్రంథులుంటాయి. వయసులో హార్మోన్ల వల్ల అవి ఎక్కువ పనిచేస్తాయి. ఆ నూనే, రాలాల్సిన చర్మకణాలూ కలిసి రంధ్రానికి బిరడా పడుతుంది. లోపల సూక్ష్మజీవులు చేరితే వాపొస్తుంది. నీ తప్పేమీ లేదు, మురికీ కాదు. గట్టిగా రుద్దొద్దు, గిల్లొద్దు. తలకు నూనె రాస్తే నుదుటి మీదికి కారనివ్వకు. తీపీ పాలూ కొందరికి పెంచుతాయి, నీకెట్లా ఉందో నువ్వే గమనించుకో. రాత్రి ఈ జెల్, శనగగింజంత, ముఖమంతా పల్చగా. మొదట్లో ఎక్కువైనట్టు కనిపిస్తుంది, భయపడి మానేయకు. నెలలు పడుతుంది. అశ్రద్ధ చేస్తే మాత్రం అలాంటి గుంటలే ఇంకా పడతాయి, అవి మందులతో పూడవు."

దీవెన చెప్పింది చెప్పినట్టు చేసింది. నెలలు గడిచాయి. గడ్డలు కరిగాయి, ఎరుపు చల్లారింది. ఒక ఉదయం దిండుకు చెంప ఆనించి నొప్పి లేకుండా లేచింది. ఆ సంతోషం పట్టలేక ముఖం కడుక్కుంటూ పాట పాడుకుంది. పాడుకుంటూనే ఆఫీసుకు వెళ్లి యంత్రం ముందు నిలబడింది.

"క్షమించాలి. ఈ ముఖం నమోదు కాలేదు" అంది యంత్రం.

గోరుచుట్టు నయమైందనుకుంటే రోకటిపోటు తగిలింది. పానకాలరావు గారి దగ్గరికి పరుగెత్తింది.

"సార్, మిషను నన్ను గుర్తుపట్టట్లేదండీ. కొత్తగా మళ్లీ ఫోటో తీయిస్తే..."

"మళ్లీనా! ముఖం నమోదనేది సర్వీసులో ఒక్కసారేనమ్మాయ్, పుట్టిన తేదీ లాగా. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ముఖాలు మార్చుకుంటా పోతే ప్రభుత్వం నడవద్దూ?"

"పోనీ, నేను మీ ఎదురుగానే ఉన్నా కదండీ."

"ఉన్నావు. వ్యక్తిగతంగా నేను కాదనను. కానీ రికార్డు ప్రకారం రాలేదు."

రాని మనిషి ఆ రోజు కూడా అన్ని మండలాల వాన లెక్కలూ కట్టి పైకి పంపింది. దాంతో పానకాలరావు గారికి ఇంకో చిక్కొచ్చింది. దీవెన గైర్హాజరు, దీవెన పని మాత్రం పూర్తి. అంటే ఎవరో అనధికార వ్యక్తి ఆమె కుర్చీలో కూర్చుని ప్రభుత్వ వానను ముట్టుకుంటున్నట్టేగా? ఆయన దీవెనకు ఒక మెమో ఇచ్చారు. మీరు లేని సమయంలో మీ కుర్చీలో కూర్చున్నది ఎవరో మూడు రోజుల్లో తెలియజేయాలని అందులో ఉంది.

విషయం డిప్యూటీ డైరెక్టరు కైలాసనాథం గారి దాకా వెళ్లింది. ఆయన ఏ సమస్యనూ పరిష్కరించి ఎరుగరు, ప్రతిదానికీ నిర్వచనం ఇస్తారు. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ముఖ నమోదు నాటికి ఉద్యోగి ముఖమున గల మొటిమలు 'నమోదిత మొటిమలు'గా పరిగణింపబడును. అవి కార్యాలయ రికార్డులో భాగము. పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండ వాటిని తొలగించుట, చెరపుట, నయము చేసుకొనుట రికార్డును ధ్వంసము చేసినట్లే యగును. కొత్తగా వచ్చు మొటిమలు 'నమోదు కాని మొటిమలు'. అట్టి వాటిని గమనించిన వెంటనే ఉద్యోగి లిఖితపూర్వకముగా తెలియజేసి, తదుపరి ఉత్తర్వులు వచ్చు వరకు యథాతథ స్థితిలో ఉంచవలెను."

ఆ సర్క్యులర్‌తో ఆఫీసు అంతా తలకిందులైంది. విమలాదేవి గారు పైపెదవి మీద పులిపిరి తీయించుకోవాలని ముహూర్తం కూడా పెట్టుకుంది. మానుకుంది. పానకాలరావు గారి ముక్కు మీద ఒక చిన్న పొక్కు లేస్తే, దాన్ని ఏ పద్దు కింద చూపాలో తెలియక వేలు అడ్డం పెట్టుకుని తిరిగారు.

దీవెన ఇక చేసేది లేక ఒక ఉపాయం పన్నింది. నమోదు నాటి ఫోటో ఫోన్లో పెట్టుకుని, లిప్‌స్టిక్కుతో, కనుబొమల పెన్సిల్‌తో ఎక్కడి మొటిమ అక్కడ దిద్దుకుంది. ఆడపిల్లలంతా ఉన్న మచ్చల్ని కప్పుకోవడానికి అద్దం ముందు కూర్చుంటే, తను లేని మచ్చలు పెట్టుకోవడానికి కూర్చుంది. యంత్రం మురిసిపోయి "స్వాగతం, దీవెన గారూ" అంది.

కొన్నాళ్లు బాగానే సాగింది. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే, దీవెన చెమట తుడుచుకుంది. కుడి చెంప మీద ఉండాల్సిన నమోదిత మొటిమలన్నీ చేతిరుమాల్లోకి వచ్చేశాయి. పానకాలరావు గారు కళ్లారా చూశారు. ఆయన నిర్ఘాంతపోయి కుర్చీలోంచి లేచారు.

"పెట్టుడు మొటిమలా! ప్రభుత్వాన్ని మోసం చేస్తన్నావా అమ్మాయ్? పెట్టుడు మీసానికీ దీనికీ తేడా ఏముందసలు?"

మళ్లీ సర్క్యులర్. పెట్టుడు మొటిమలు నిషిద్ధం. సదరు ఉద్యోగి నెలాఖరులోగా స్వంత ముఖమున స్వంత మొటిమలను పునరుద్ధరించుకొనవలెను, లేనియెడల ప్రొబేషన్ రద్దగును. ఇందుకు సహకరించుటకు పానకాలరావు గారి అధ్యక్షతన ఒక పునరుద్ధరణ కమిటీ.

కమిటీ మొదటి సమావేశంలో మొటిమలు ఎందుకొస్తాయన్న దాని మీద లోతైన చర్చ జరిగింది. డాక్టరమ్మ చెప్పింది దీవెన చెప్పబోతే, "ఉద్యోగి అభిప్రాయం ఎజెండాలో లేదు" అన్నారు అధ్యక్షులు. నూనె పదార్థం వల్ల వస్తాయని ఒకరు, వేడి వల్ల అని ఒకరు, అద్దం చూడటం వల్ల అని ఒకరు, మనసులో ఎవరో ఉండటం వల్ల అని ఇంకొకరు సెలవిచ్చారు. అభిప్రాయభేదాలు ఎందుకని నాలుగింటినీ ఏకగ్రీవంగా ఆమోదించారు.

అమలు మర్నాటి నుంచే. పదకొండింటికి ఆఫీసు ఖర్చు మీద వేడివేడి మిరపకాయ బజ్జీలు రావడం మొదలైంది. దీవెన రెండు తింటే కమిటీ మిగతా పళ్లెం పర్యవేక్షించేది. ఆమె బల్లను ఎండ కొట్టే కిటికీ దగ్గరికి జరిపారు. ఎదురుగా ఒక అద్దం వేలాడదీశారు. నాలుగో అంశం దగ్గర మాత్రం కాస్త ఇబ్బందొచ్చింది. మనసులో పెట్టుకోవడానికి తగిన వ్యక్తిని శాఖాపరంగా సమకూర్చే వీలుందా అని కైలాసనాథం గారికి రాశారు. ఈ పద్దు కింద నిధులు లేవని జవాబొచ్చింది.

బజ్జీల వల్ల పానకాలరావు గారు బరువు పెరిగారు. దీవెన ముఖం చెక్కుచెదరలేదు. ఒక్కటంటే ఒక్క మొటిమ, అదీ బెంగతో నిద్ర పట్టకో ఏమో, ముక్కు పక్కన లేచింది. కమిటీ ఆశగా చుట్టూ మూగి ఫోటోతో పోల్చి చూసింది. అక్కడ నమోదు లేదు. "అస్థానంలో మొటిమ" అని రాసి తిరస్కరించారు.

నెలాఖరు దగ్గర పడుతుంటే విమలాదేవి గారికి గుర్తొచ్చింది. "సార్, అప్పుడు మన దీవెనకి మొటిమలు బాగా పెరిగింది ఆ తెల్ల క్రీముతోనే గదండీ!" అంది. పాపం, ఆవిడకు ఏ దురుద్దేశమూ లేదు. పిల్ల ఉద్యోగం నిలబడాలనే తాపత్రయం.

మర్నాడు దీవెన బల్ల మీద ఆ ట్యూబు ఉంది. పక్కన ఉత్తర్వు. ఉదయం సాయంత్రం, కమిటీ సమక్షంలో రాసుకొనవలెను.

దీవెన ట్యూబు చేతిలోకి తీసుకుంది. వాళ్లమ్మ చేతివేళ్లు సూదిపోట్లతో కాయకట్టి ఎట్లా ఉంటాయో తలపుకొచ్చింది. రాసుకుంటే ఉద్యోగం. మళ్లీ గడ్డలు, నొప్పి, పూడని గుంటలు. రాసుకోకపోతే ముఖం మిగులుతుంది, దాన్ని తీసుకుని వెళ్లడానికి ఆఫీసు ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. అంతలో కోపమొచ్చింది. జీవితంలో అంత కోపం ఆమెకెప్పుడూ రాలేదు.

"రాయను సార్" అంది.

"రాయవా?"

"రాయనండీ. ఇది నా ముఖం."

"అది నువ్వనుకుంటన్నావు" అన్నారు పానకాలరావు గారు జాలిగా.

ప్రొబేషను రద్దుకు ఫైలు కదిలింది. ఫైలుకు జత చెయ్యాలి కాబట్టి, నమోదు నాటి ఫోటోను గుమ్మమంత ఎత్తున ఫ్లెక్సీ కొట్టించి, చెక్క చట్రం కట్టించి తెప్పించారు. అటెండరు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మంలోంచి లోపలికి తెస్తుంటే యంత్రం దాని వంక చూసింది.

"స్వాగతం, దీవెన గారూ!"

పానకాలరావు గారు ఆ క్షణమే పై అధికారికి ఫోన్ చేశారు. కైలాసనాథం గారు ఆ సాయంత్రమే స్వయంగా వచ్చి, ఫ్లెక్సీని రెండుసార్లు లోపలికీ బయటికీ నడిపించి చూసి, తృప్తిగా తల పంకించారు.

"సమస్య ఎక్కడుందయ్యా? ఉద్యోగి దొరికింది. నమోదిత ముఖం, నమోదిత మొటిమలు, యంత్రం ఆమోదం, అన్నీ సక్రమంగా ఉన్నవి. ఈమెను రోజూ సకాలంలో తెచ్చి కుర్చీలో ఉంచండి."

"మరి ఈ అమ్మాయి సార్?"

"ఈమె ఎవరో మనకు తెలియదు. అయితే పని తెలిసిన మనిషి లాగున్నది. దినసరి కూలీ మీద, శ్రీమతి దీవెన గారికి సహాయకురాలిగా పెట్టుకోవచ్చు."

"కుమారి సార్" అంది దీవెన.

అలా ఫ్లెక్సీ కుర్చీలో, దీవెన పక్కన స్టూలు మీద. ఫ్లెక్సీ ఒక్క రోజు ఆలస్యం కాలేదు, సెలవడగలేదు, ఎదురు మాట్లాడలేదు. పానకాలరావు గారు మిగతా సిబ్బందికి దాన్ని ఆదర్శంగా చూపించేవారు. దీవెన వాన లెక్కలు కట్టేది, ఫ్లెక్సీ పేరున పైకి వెళ్లేవి. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్లో చెప్పుకోలేకపోయింది. కొలువు ఉందనాలా, పోయిందనాలా అని ఆమెకే తెలియడం లేదు.

ప్రొబేషన్ గడువు పూర్తయింది. నిష్కళంకమైన హాజరు గల దీవెన గారి సర్వీసును క్రమబద్ధీకరించి సన్మానం చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. కుటుంబ సభ్యులను పిలవాలని నిబంధన ఉంది కనుక, సంతోషమ్మకు ఆఫీసు నుంచే కబురు వెళ్లింది. సన్మానమంటే శాలువా, పూలమాల. శాలువా చట్రం మీద నిలవక జారిపోతుంటే మేకు కొట్టారు. నిండైన బంతిపూల దండ ఫోటోకు వేశారు. విమలాదేవి గారు ఏ కార్యక్రమమైనా లాంఛనం తప్పకూడదని ముందు ఒక దీపం, రెండు అగరొత్తులు కూడా వెలిగించింది.

సరిగ్గా అప్పుడు సంతోషమ్మ గుమ్మంలోకి వచ్చింది. కూతురి సన్మానమని పెట్టెలోని పట్టుచీర తీసి కట్టుకుని, చేతిలో స్వీటు డబ్బాతో వచ్చింది. ఎదురుగా నిలువెత్తు కూతురు. మెడలో దండ. ముందు దీపం. తలలు వంచుకుని నిలబడిన జనం.

డబ్బా చేతిలోంచి జారిపోయింది. "నా తల్లీ! రాత్రి గూడా ఫోన్లో మాట్టాడావు గదే!" అని సంతోషమ్మ పెట్టిన కేకకు వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు.

"అమ్మా! అమ్మా, నేనిక్కడున్నా!" వెనక టీ గ్లాసులు సర్దుతున్న దీవెన అన్నీ వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

సంతోషమ్మ కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. చెంపలు తడిమింది, నుదురు తడిమింది, గడ్డం పట్టుకుంది. కాయకట్టిన ఆ వేళ్లు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఏడుస్తూనే నవ్వింది. "ఎంత బాగైంది నీ ముఖం! అబ్బ, ఎంత బాగైందే!" అంది.

సన్మానం చెయ్యడానికొచ్చిన కైలాసనాథం గారు ముందుకొచ్చారు. "అమ్మా, తొందరపడకండి. ఈమె మీ అమ్మాయని ఏ ఆధారంతో నిర్ధారిస్తున్నారు? యంత్రం కూడా గుర్తించలేదు."

సంతోషమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. దండ చూసింది, అగరొత్తులు చూసింది. నోటికొచ్చింది మింగేసి కూతురి చెయ్యి పట్టుకుంది.

"పదవే. నాకింకా చూపుంది, మిషనుంది. కుట్టుకుని బతుకుదాం. బతికున్న పిల్లని ఫోటో చేసిన చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టబాకు."

దీవెనకు ఒక్కసారిగా గుండె తేలికైంది. ఇన్ని నెలలూ ఉద్యోగం పోతుందని భయపడింది గానీ, తీరా పోయాక చూస్తే వదిలిపెట్టాల్సింది ఒక స్టూలు మాత్రమే. అరచెయ్యి చెంప మీద పెట్టుకోకుండా, తలెత్తుకుని, యంత్రం ముందు నుంచే నడిచింది. యంత్రం క్షమించమంది. ఆమె ఆగలేదు.

బయట వాన అప్పుడే అందుకుంది. పానకాలరావు గారికి చప్పున పని గుర్తొచ్చింది.

"అమ్మాయ్! అమ్మాయ్! రాత్రి పడ్డ వాన లెక్క పన్నెండింటికల్లా పైకి పోవాల! పడమటి మండలాల్లో వాగులు పొంగినయ్యంట, కలెక్టరాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు!"

దీవెన గుమ్మం అవతలి నుంచి వెనక్కి తిరిగింది.

"నన్నడుగుతారేంటి సార్, నేనెవర్ని? ఆవిడున్నారుగా. ఇవాళే పర్మినెంటు కూడా అయ్యారు. ఆవిణ్ణే అడగండి."

తల్లీకూతుళ్లిద్దరూ ఒక్క గొడుగు కింద వీధి మలుపు తిరిగిపోయారు. పానకాలరావు గారు దిక్కుతోచక కైలాసనాథం గారి వంక చూశారు. ఆయన, నిబంధనల ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదన్నట్టు తలూపారు.

పానకాలరావు గారు కుర్చీ దగ్గరికి వెళ్లారు. పక్కకు తప్పుకున్న దండను సరిచేశారు. ఇన్నాళ్లూ అమ్మాయ్ అని పిలిచిన అలవాటును దిగమింగుకుని, పర్మినెంటు ఉద్యోగికి ఇవ్వాల్సిన మర్యాదతో కాస్త ముందుకు వంగారు.

"దీవెన గారూ, రాత్రి ఎంత పడిందండీ?"